మెట్ల మీది క్యారియర్

పోయిన వారం పావనిని పాల పరీక్ష గది కిటికీ పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా చేతిలో పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు పట్టుకుని అలాగే ఉంది. గేటు ముందు కారు ఆగింది. అందులోంచి లోహిత్ దిగాడు. ఆరేళ్ళ కిందట ఇదే పుంగనూరు షెడ్డులో వారం పాటు ఆమె పక్కనే నిలబడి పాలు పరీక్షించిన కుప్పం అబ్బాయి. అప్పుడు పిలుపు రాక వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నురగ డెయిరీలో పెట్టుబడి పెట్టబోతున్న బెంగుళూరు కంపెనీ మనిషిగా తిరిగొచ్చాడు. ఈ డెయిరీ మనుషుల్ని ఎంచుకునే పద్ధతి బాగుందో లేదో రిపోర్టు రాసేది అతనే. బాగుందని రాస్తే కుప్పంలో లేస్తున్న కొత్త ప్లాంటులోనూ అదే పద్ధతి నడుస్తుంది. బాగాలేదని రాస్తే కుప్పం సంగతి అటుంచి, పుంగనూరులోనూ దానికి నూకలు చెల్లినట్టే.

ఆ పద్ధతేమిటో ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

డెయిరీ యజమాని స్వర్ణలత మొదట్లో అందరిలాగే మనుషుల్ని తీసుకుంది. తెలిసినవాళ్ళు పంపినవాడు ఒకడు, మార్కుల కాగితాలు మోసుకొచ్చినవాడు ఒకడు. పాలు విరిగిన ప్రతిసారీ నేను కాదంటే నేను కాదన్నారు. తప్పు ఒకరి మీదినుంచి ఒకరి మీదికి నెట్టుకునేలోపు పెరుగు పులిసిపోయింది, కొనేవాళ్ళు పక్క డెయిరీకి పోయారు. విసిగిపోయి ఒకనాడు ఆమె షెడ్డు మధ్యలో నిలబడి, "మీ పక్కన నిలబడేవాణ్ణి మీరే పిలుచుకోండి, నాకీ తలనొప్పి వద్దు" అనేసింది. ఆ కోపంలోంచి పుట్టిందే ఈ ఆనవాయితీ.

కొత్తగా వచ్చిన మనిషి వారం పాటు షెడ్డులో పనిచేస్తాడు. శనివారం మధ్యాహ్నం, కడిగిన నేల మీద చాపలు పరిచి అందరూ రాగి సంగటికి కూర్చుంటారు. కొత్తవాడు బయట మెట్ల మీద ఉంటాడు. అతని పక్కన నిలబడి పనిచేయాల్సిన మనిషి లేచి, "రాప్పా, కూర్సో" అనాలి. అన్నారా, అందరూ జరిగి చోటిస్తారు, సోమవారం మదనపల్లె ఆఫీసు నుంచి ఉద్యోగం ఖాయమని కబురొస్తుంది. అనలేదా, అతను తన క్యారియర్ విప్పుకుని మెట్ల మీదే తిని వెళ్ళిపోతాడు. ఎందుకు పిలవలేదని అతను అడగడు, వద్దని వీళ్ళు చెప్పరు. మనిషి మొహం మీద వద్దనడం పాపమని వంట చేసే తిమ్మక్క సిద్ధాంతం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఇంతమంది పెద్దమనుషులు ఎంత పని చేశారో మీరే చూస్తారు.

సరే, పావని దగ్గరికి పోదాం.

"నమస్తే పావని గారూ" అన్నాడు లోహిత్ పరీక్ష గది గుమ్మంలో ఆగి.

గారూ! ఆరేళ్ళ కిందటి ఆ వారంలో అతను ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఇదో, సూడు" అంటే చాలు, తననేనని తెలిసేది. పరీక్ష గొట్టాన్ని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, "ఈ ఆవు ఈపొద్దు వేపాకు మేసుండాది" అని జోస్యం చెప్పేవాడు. నిజమో అబద్ధమో, ఆవును అడిగేదెవరు? ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. తర్వాత ఆ బల్ల దగ్గరికి ఇంకో అమ్మాయి వచ్చింది, మంచి పిల్ల, పని తెలిసిన పిల్ల. అయినా గొట్టం వెలుతురుకెత్తినప్పుడల్లా పావని చెవి మాత్రం ఆవు సంగతి ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూసేది. శనివారాలు సంగటికి కూర్చున్నప్పుడు తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, అక్కడ నీళ్ళ చెంబు పెట్టుకునేది. చెంబుకు అంత చోటెందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

"కూర్చోండి సార్" అంది.

సార్ అన్నందుకు అతని మొహం రవ్వంత మారింది. గారూకూ సార్‌కూ చెల్లు.

"పర్వాలేదు. నాలుగు మాటలు అడిగి పోతాను. కొత్తగా వచ్చినవాళ్ళలో మీరు ఏం చూస్తారు?"

"పని యెవురైనా నేర్చుకుంటారు సార్. తప్పు జరిగినప్పుడు ఏం చేస్తారో సూస్తాం. అరిచి అందరికీ చెప్తారా, తుడిచేసి గమ్మునుంటారా అని."

"దానికి మార్కులు వేస్తారా?"

"మార్కులేందప్పా దానికి..." అనేసి పావని నాలుక కరుచుకుంది. పాత గొంతు దానంతటదే బయటికొచ్చేసింది. తమాయించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మార్కులుండవు. ఒక సంగతి చెప్తా వినండి. మొన్నా మధ్య ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినింది. కోల్డ్ రూము ఆగిపాయె. స్వర్ణక్క మదనపల్లెలో ఉండాది, ఫోను తగల్లేదు. యెవురూ యెవుర్నీ అడగలా. బైరప్ప ట్యాంకర్ ఆడనే వదిలేసి కట్టెలు తెచ్చినాడు. ప్యాకింగోళ్ళు పొయ్యిలు పెట్టినారు. ఆఫీసులో లెక్కలు చూసే ఆయన చొక్కా విప్పి గరిట తిప్పినాడు. సందకాడికి పాలన్నీ కోవా అయిపాయె. ఒక్క క్యాను పారబోయలా. ఇప్పుడు డెయిరీ నిలబడిందే ఆ కోవా మింద. పక్కోడి పని నాది కాదనే మనిషి ఒక్కడుంటే అది అయ్యుండేదా?"

"తెలుసు. కుప్పం బస్టాండులో అమ్ముతారు ఆ కోవా" అన్నాడు లోహిత్. కిటికీ బయటికి చూస్తూ, "అప్పుడప్పుడు కొంటాను" అన్నాడు.

"బాగుంటాదా?"

"తీపి కొంచెం ఎక్కువ."

తను పరీక్షించిన పాలు ఆ కోవాలో పడి, ఎన్ని ఊళ్ళు దాటి, ఇతని నోట్లోకి పోయాయన్న ఆలోచన వచ్చేసరికి పావనికి ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ఏం చేయాలో తెలియక శుభ్రంగా ఉన్న గొట్టాన్నే మళ్ళీ కడిగింది.

"ఇంకో మాట" అన్నాడతను. గొంతు మళ్ళీ ఆఫీసు గొంతైంది. "ఈ షెడ్డులో కుప్పం వైపు మనుషులు ఎంతమంది ఉన్నారు?"

పావని వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగింది.

"వి.కోట? రామకుప్పం? శాంతిపురం?"

"లేరు."

"ఒక్కరు లేరు. అంతా పుంగనూరు, చౌడేపల్లె, మదనపల్లె చుట్టుపక్కలవాళ్ళే. ఎవరి యాస చెవికి అలవాటో వాళ్ళనే పిలుచుకున్నారు. తప్పు దాచనివాళ్ళు మా వైపు పుట్టరా? రేపు కుప్పంలో అరవం మాట్లాడేవాళ్ళొస్తారు, కన్నడం మాట్లాడేవాళ్ళొస్తారు. అక్కడ ఎవరు ఎవర్ని పిలుస్తారు? లోపల కూర్చున్నవాళ్ళకు ఇది చాలా మంచి కంపెనీ, నేను కాదనను. మెట్ల మీద కూర్చున్నవాడికి ఇది ఏమిటో మీరెప్పుడైనా ఆలోచించారా?"

ఆలోచించడమా! ఆరేళ్ళుగా ఇంకేం చేసింది కాబట్టి? కానీ ఆ మాట పావని గొంతు దాటి రాలేదు. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది. పాలలో నీళ్ళు కలిస్తే ఊరంతా వినేలా అరుస్తుంది, మనసులో ఉన్న మాట మాత్రం పక్కనున్నవాడికి కూడా వినిపించదు.

బయట తిమ్మక్క పాలక్యాను మీద గరిటతో టంగుమని కొట్టింది. శనివారం సంగటి పొద్దు అయింది.

* * *

మదనపల్లె నుంచి పొద్దున్నే వచ్చేసిన స్వర్ణలత, లోహిత్ కోసం ఆఫీసు గదిలో బల్ల వేయించి, అరిటాకు కూడా పరిపించింది. పెట్టుబడి పెట్టేవాళ్ళ మనిషిని చాప మీద కూర్చోమనగలదా? పైగా ఒకప్పుడు పిలవని మనిషిని?

"రండి లోహిత్ గారూ, రవ్వంత సంగటి తిని పోదురు."

"వద్దు మేడమ్. నేను క్యారియర్ తెచ్చుకున్నాను."

అతను కారు దగ్గరికి వెళ్ళి స్టీలు క్యారియర్ తీసుకొచ్చాడు. ఆఫీసు గదిలోకి రాలేదు. నేరుగా పోయి, షెడ్డు తలుపు ముందున్న మెట్ల మీద కూర్చున్నాడు. క్యారియర్ పక్కన పెట్టుకున్నాడు. ఆరేళ్ళ కిందట కూర్చున్న మెట్టే.

లోపల రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళందరికీ అతని వీపు కనిపిస్తోంది. చింతాకు పప్పు అలాగే ఉంది, ఊరిబిండి పచ్చడి అలాగే ఉంది. ట్యాంకర్ నడిపే బైరప్ప మామూలుగా రెండు సంగటి ముద్దలు తిని మూడోదానికి గిన్నెలోకి తొంగి చూసే మనిషి, మొదటి ముద్దనే వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు.

"కావాలనే కూర్సున్నాడు" అని గొణిగాడు. "మన మొగాన కొట్టినట్టు."

తిమ్మక్కకు తిక్క రేగింది. గరిట కింద పడేసి, కొంగు నడుముకు దోపుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. ఆమెకు ఆఫీసర్లన్నా పెట్టుబడులన్నా లెక్క లేదు, ఆమె వండిన పూట ఒక మనిషి గడప బయట కూర్చోవడం మాత్రం సహించదు.

"ఏమప్పా, మా సంగటి నీ గొంతు దిగదా?"

లోహిత్ వెనక్కి తిరిగి నవ్వాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు. "మీరు వద్దనుకున్నోణ్ణి గదా తిమ్మక్కా. నా తావు ఇదే."

"యెవురు వద్దనుకునింది?"

"యెవురేంది? మీరందరూ. ఆపొద్దు ఈ మెట్టు మిందనే కూర్సోని విన్నాను. లోపల గిన్నెల చప్పుడు వినపడతాండాది, మాట వినపడలా. ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారని సూస్తిని. మీరు తినేసి అంట్లు కడిగే చప్పుడు వినపడినాక అప్పుడు నా క్యారియర్ విప్పినాను." మాట్లాడుతూ మాట్లాడుతూ అతని బెంగుళూరు తెలుగు జారిపోయి కుప్పం తెలుగు బయటపడింది. "నా మాటలో అరవం కలుస్తాదని బైరప్ప నవ్వేవాడు. అందుకేనేమో అనుకుంటిని. పని సరిగా చెయ్యలేదేమో అనుకుంటిని. పాలు సూసేది తెల్దనుకున్నారేమో అనుకుంటిని. ఒకటా రెండా! మొగం మింద 'నువ్వొద్దుపో' అనుంటే ఒక్కపొద్దు ఏడ్సి మర్చిపోయుందును. అనలా. ఎందుకో తెలవక ఆరేండ్లు ఏడ్సినాను."

బైరప్ప తల వంచుకున్నాడు. నవ్వినమాట నిజమే. ఇష్టంగా నవ్వాడు, ముద్దొచ్చి నవ్వాడు. అవతలివాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

తిమ్మక్క గుమ్మంలోనే కూలబడింది. "అయ్యో నా తండ్రీ" అంది. "నువ్వొద్దని యెవురనుకున్నారప్పా? నువ్వంటే మాకందరికీ పానం. నువ్వు నిలబడాల్సింది పాల పరీక్ష గదిలో, పావని పక్కన. పక్కన నిలబడేవాళ్ళు పిలవల్ల, అది గదా ఆనవాయితీ. ఆ పాప కంటే ముందు నేను నోరు తెరిస్తే బాగుంటాదా? ఆ పాప పిలుస్తాదని మేమంతా ముద్ద చేతిలో పట్టుకోని దాని మొగం సూస్తా కూర్సుంటిమి. సంగటి సల్లారి రాయి అయిపాయె. ఆ పాప నోరే తెరవలా. సరే, దానికి ఇష్టం లేదేమో, మనమెందుకు బలవంతం జేసేదని గమ్మునుంటిమి."

లోహిత్ మెల్లగా తల తిప్పి పావని వైపు చూశాడు.

ఇప్పుడు పావని మీద మీకు కోపం వచ్చిందంటే నేనేం అనను. నాకూ వచ్చింది. కానీ ఆ పిల్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి గదా. అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ వారమంతా లోహిత్ మాటకు ఆమె నవ్విన నవ్వు షెడ్డంతా విన్నారు, ప్యాకింగ్ వాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. అలాంటిది, అందరి ముందూ లేచి, ఒక మగపిల్లవాణ్ణి నా పక్కన కూర్చోమని పిలవడమంటే ఉద్యోగానికి పిలిచినట్టుంటుందా, పెళ్ళికి పిలిచినట్టుంటుందా?

"నేను తిమ్మక్క పిలుస్తాదని సూస్తిని" అంది పావని. "పెద్దామె పిలిస్తే నేను జరిగి చోటిద్దామని. ముందే జరిగే కూర్సున్నాను. మా ప్యాకింగ్ పిల్ల సిగ్గుపడినప్పుడు తిమ్మక్కే గదా దాని బదులు పిలిచింది, నాకూ పిలుస్తాదిలే అనుకుంటిని. నేను పిలిస్తే పని కోసం పిలిచినాననుకోరు, నా కోసం పిలిచినాననుకుంటారని..." ఒక్క క్షణం ఆగి, ఇక దాచడానికి ఏముందన్నట్టు అనేసింది. "అట్లనుకోనుంటే అది నిజమే గదా. నిజమే కాబట్టే నోరు రాలా."

స్వర్ణలత నుదురు పట్టుకుని గోడకానుకుంది. తన ఆనవాయితీ మీద ఆమెకు ఎంత గర్వమో మదనపల్లె మార్కెట్టు రోడ్డులో ఎవర్నడిగినా చెబుతారు. ఒకరి కోసం ఒకరు చూసుకోవడం నేర్పాను అని ఎచ్చులు పోయేది. చూసుకున్నారు మరి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. అందరికీ కావాల్సిన మనిషిని అందరూ కలిసి పోగొట్టుకున్నారు.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అంటారు లోకంలో" అన్నాడు బైరప్ప, ఎవరితోనో తెలియకుండా. "మన షెడ్లో మాట్లాడకపోతే వద్దన్నట్టు. ఇదేం ఆనవాయితీనో."

పావని లేచి నిలబడింది. పక్కనున్న నీళ్ళ చెంబు తీసి అవతల పెట్టింది. చాప మీద ఆ చోటు ఎన్నాళ్ళుగానో ఉన్నట్టే ఖాళీగా ఉంది. ఆమె గుమ్మం వైపు తిరిగి, షెడ్డంతా వినేలా, పాలలో నీళ్ళు కలిసినప్పుడు అరిచే ఆ గొంతుతోనే పిలిచింది.

"రాప్పా లోహిత్. కూర్సో."

తిమ్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండు వరసల వాళ్ళూ చోటు చాలా ఉన్నా కూడా కాస్త కాస్త జరిగారు. జరగడం ఆనవాయితీ.

లోహిత్ లేచాడు. అతని మొహం చూసినవాళ్ళెవరూ అతణ్ణి ఆఫీసరని అనరు. మెట్టు మీదే వంగి ఒక బూటు లేసు విప్పాడు. బూటు తీసి పక్కన పెట్టాడు. రెండో బూటు లేసు మీద చెయ్యి వేసి, అక్కడ ఆగిపోయాడు.

"కూర్సోవాలనే ఉండాది" అన్నాడు నేల చూస్తూ. "నీకు తెల్దు, ఎంత ఉండాదో. కానీ ఒక సంగతి చెప్పాల. ఈ వరసలో కూర్సున్నానంటే నేను మీవాణ్ణి. మీవాడు మీ మింద రిపోర్టు రాయగూడదు. రాస్తే అది మోసం, నేను చెయ్యను. ఈపొద్దే ఫోన్ చేసి తప్పుకుంటాను. నా బదులు ఇంకొకాయన వస్తాడు. ఆయన నాకు బాగా తెలుసు. పోయిన చోటంతా ఒకటే పద్ధతి, కంప్యూటర్లో పరీక్ష, మార్కులు, అంతే. ఈ షెడ్డు గడప కూడా తొక్కడు. మెట్ల సంగతి ఆయనకేం తెలుస్తాది, చాపల సంగతేం తెలుస్తాది? మీ ఆనవాయితీ ఆ దినంతో సరి." తలెత్తి ఆమెను చూశాడు. "పిలిచింది నువ్వు. నువ్వే చెప్పు. రానా, వద్దా?"

ఇదేం న్యాయమండీ! ఆరేళ్ళకు నోరు తెరిచి ఒక్క మాట అన్న పిల్లను, ఆ మాట చల్లారకముందే ఇంకో మాట అడుగుతున్నాడు. రమ్మంటే అతను దక్కుతాడు. రేపటి నుంచి ఈ చాపల మీద కూర్చున్నవాళ్ళకు పక్క మనిషిని పిలుచుకునే హక్కు పోతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ముందు ఎవరూ అడక్కుండానే కట్టెలు తెచ్చే బైరప్పలు, గరిట తిప్పే లెక్కలాయనలు మళ్ళీ పుట్టరు. వద్దంటేనో, అతను మళ్ళీ మెట్ల మీదే.

పావని వరసల వైపు చూసింది. ఎవరైనా ఒక్కరు తన బదులు చెబుతారేమోనని చూసింది. పాత అలవాటు. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. వాళ్ళదీ పాత అలవాటే.

"వద్దు" అంది పావని.

ఆ షెడ్డులో ఒక మనిషి మొహం మీద ఆ మాట వినబడటం అదే మొదటిసారి. తిమ్మక్క చెయ్యి నోటికి పోయింది.

"వద్దు లోహిత్. నువ్వే రాయి. మెట్టు మింద కూర్సున్నోడికే తెలుస్తాది లోపల ఏం లోటు ఉండాదో. ఏం మార్చల్లనో రాయి, ఏం ఉంచల్లనో రాయి. అది అయినాక రా. ఈ చోటు యాడికీ పోదు. ఇన్నాళ్ళూ యాడికి పోయింది గనక?"

అతను ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తర్వాత వంగి, తీసిన బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. లేసు కట్టుకోవడం అతనికి ఒకంతట కుదరలేదు. నిలబడ్డాక మాత్రం గొంతు మళ్ళీ ఇస్త్రీ చొక్కా గొంతే అయింది.

"నేను మీ వైపు రాస్తానని మీకెవరు చెప్పారు పావని గారూ?"

అంత మాట అనేసి కారెక్కాడు. కారు గేటు దాటి పలమనేరు రోడ్డు మీదికి తిరిగింది. అటునుంచే కుప్పం పోవాలి.

పావని నిలబడినచోటే నిలబడింది. స్వర్ణలత ఒక్కతే, "చెయ్యాల్సిందే చేసినావే" అంది, తనకే నమ్మకం లేనట్టు.

తిమ్మక్క మెట్లు దిగింది. "కడుపులో ఏమీ లేకుండా పోయినాడు బిడ్డ, క్యారియర్ కూడా మర్చిపాయె" అంటూ వంగి దాన్ని ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఒక్కసారి పైకి లేచిపోయింది. బరువు ఉంటుందనుకున్న చెయ్యి అది. తిమ్మక్క అనుమానంగా క్యారియర్ ఊపి చూసింది. మెట్టు మీద పెట్టి గొళ్ళెం తీసింది. పై గిన్నె చూసింది, దాని కింది గిన్నె చూసింది, అన్నీ చూసింది. కడిగి, తుడిచి, తళతళలాడుతున్న ఒట్టి గిన్నెలు.

"పావనీ" అంది, పై గిన్నె ఎత్తి చూపిస్తూ. "ఈ అబ్బోడు కూడు తెచ్చుకోలేదమ్మే. ఒట్టి క్యారియర్ తెచ్చుకోని కూర్సున్నాడు."

ఎందుకు తెచ్చుకుంటాడు? ఈసారైనా పిలుస్తారని వచ్చాడు. ఆఫీసరుగా పిలిస్తే ఆఫీసు గదిలోకి పోలేదు, రిపోర్టు కోసం అన్నది పైకి చెప్పిన మాట. మెట్టు మీద కూర్చుని, ఆరేళ్ళనాటి పిలుపు కోసం మళ్ళీ చెవులు రిక్కించుకున్నాడు. ఆ పిలుపు వచ్చింది, దాని వెనకే పావని నోటి నుంచే వద్దన్న మాటా వచ్చింది.

పావని ఏడవలేదు. ఏడుపు తర్వాత, ముందు చేయాల్సిన పని ఒకటుంది. మెట్లు దిగి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి తిమ్మక్క చేతిలో పెట్టింది.

"నిండా పెట్టక్కా. సంగటి, పప్పు, ఊరిబిండి. కింది గిన్నెలో కోవా పెట్టు, తీపి తక్కువగా ఉండేది చూసి." బైరప్ప వైపు తిరిగింది. "కుప్పం వైపు పాలకు పోయే ట్యాంకర్ ఎప్పుడు?"

"ఇప్పుడే పాపా. నువ్వెక్కుతానంటే ఇప్పుడే."

బైరప్ప చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి ట్యాంకర్ వైపు పరుగెత్తాడు. తిమ్మక్క గిన్నెలు నింపి, గొళ్ళెం బిగించి, క్యారియర్ పావని చేతికిచ్చింది. ఈసారి దానికి బరువుంది. పావని ట్యాంకర్ పక్కన అడుగు పెట్టే ఇనుప మెట్టు మీద కాలు వేసిందో లేదో, స్వర్ణలత పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆలోచించుకో పావనీ. అతను రిపోర్టు రాసేలోపల నువ్వు ఆ క్యారియర్ పట్టుకోని కుప్పంలో అతని ఇంటి ముందర నిలబడితే, అతనేం రాసినా నీకోసం రాసినాడంటారు. బాగుందని రాసినా నమ్మరు. ఆ ఇంకొకాయనే వస్తాడు. ఇప్పుడే నువ్వు అందరి ముందర నోరు తెరిచి అన్న వద్దుకు అర్థం లేకుండా పోతాది. పోకపోతే..." ఆమె గేటు వైపు చూసింది. "పోకపోతే, ఇంగ అతను ఏం రాస్తాడో నాకు తెల్దు."

సంగటి వేడి గిన్నె లోంచి పావని చేతికి తగులుతోంది. బైరప్ప ఇంజను స్టార్ట్ చేశాడు. పావని ఒక కాలు నేల మీద, ఒక కాలు ఇనుప మెట్టు మీద పెట్టి నిలబడింది. వచ్చే వారం దాకా అలాగే ఉండాలి, పాపం.